ఫిట్స్ మందు వాడుతున్నా పడిపోతోంది, గుండె సమస్యేమో ఎలా తేలుతుంది?

మా అమ్మాయికి 14 ఏళ్లు. ఏడాదిన్నరలో ఐదుసార్లు స్పృహ తప్పింది: మూడుసార్లు పరుగెత్తుతుండగా, రెండుసార్లు పొద్దున అలారం మోగగానే. ముఖం పాలిపోయి కుప్పకూలుతుంది, 10-15 సెకన్లు చేతులు కొట్టుకుంటాయి, నిమిషంలోపే తేరుకుని మామూలుగా మాట్లాడుతుంది. తర్వాత మగత, గందరగోళం ఏమీ ఉండవు.

ఫిట్స్ అని లెవెటిరాసెటమ్ ఇచ్చారు. డోసు రెండుసార్లు పెంచినా తేడా లేదు. మెదడు పరీక్షలు ఈఈజీ, ఎమ్మారై నార్మల్. నేనే పట్టుబట్టి ఈసీజీ తీయిస్తే క్యూటీసీ (ఒక్కో స్పందనకు గుండె విద్యుత్‌పరంగా పనిచేసి మళ్లీ సిద్ధమయ్యే సమయం, గుండె వేగానికి సరిచేసిన లెక్క) 475 మిల్లీసెకన్లు వచ్చింది. "బోర్డర్‌లైన్, టెన్షన్ వద్దు" అన్నారు. 24 గంటల హోల్టర్‌లోనూ (ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ యంత్రం) ఏమీ దొరకలేదు, ఆ రోజు పడిపోతే కదా దొరికేది! ప్రస్తుతానికి ఆటలు మాన్పించాం, మందు మాత్రం ఆపలేదు.

వచ్చే వారం గుండె డాక్టర్‌ని కలుస్తున్నాం. ఇలాంటి కేసులో లాంగ్ క్యూటీ (ఆ సమయం మరీ ఎక్కువై గుండె లయ తప్పే జబ్బు) ఉందో లేదో మీకు ఏ పరీక్షలో తేలింది: ట్రెడ్‌మిల్, లూప్ రికార్డర్ (ఎక్కువ కాలం గుండె లయను నమోదు చేసే చిన్న పరికరం), జన్యు పరీక్ష?