పాత పశువుల కొట్టాన్ని ఇల్లు చేయాలి: చౌడు పట్టిన గోడలు, తలకు తగిలే దూలాలు

కొత్త_గడప:
చాలా ఏళ్లుగా ఖాళీగా ఉన్న కొట్టం. 40 అడుగుల పొడవు, 18 వెడల్పు. మట్టి అడుసుతో కట్టిన రాతిగోడలు, మందం 18 అంగుళాలు. పైన చెక్క దూలాలు, పెంకులు. గోడల అడుగున మూడడుగుల దాకా తెల్లగా చౌడు. లోపల ఒకవైపు సిమెంటు పూత ఉంది, తడితే డొల్లగా మోగుతోంది. అడ్డదూలాలు ఆరడుగుల ఎత్తులోనే ఉన్నాయి. మేస్త్రి మూడు పనులు చెప్పారు: వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపి మళ్లీ సిమెంటు పూయడం, అడ్డదూలాలు కోసేయడం, నేల ఒక అడుగు దించడం. ఇవి చేయించవచ్చా?

సున్నపు_గచ్చు:
ఆయన చెప్పిన పద్ధతిలో మూడూ వద్దండీ. దూలాల సంగతి వడ్రంగం తెలిసినవాళ్లు చెప్తారు. నేను గోడ, నేల గురించి చెప్తాను.

ఇది మామూలు చెమ్మ కాదు. ఏళ్ల తరబడి పశువుల మూత్రం నేలలో ఇంకింది. అందులోని నత్రజనిని మట్టిలోని బాక్టీరియా నైట్రేటుగా మార్చింది. ఆ ఉప్పు చెమ్మతోపాటు గోడెక్కుతుంది. నీరు ఆరేచోట రాతి రంధ్రాల్లో పలుకులు కట్టి, పూతను లోపలి నుంచి పెళ్లగిస్తుంది. మీకు డొల్ల మోగేది అందుకే. పైగా ఇది గాలిలో తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి, కిందినుంచి చెమ్మ ఆగినా ముసురు రోజుల్లో తడి మచ్చలు తేలతాయి. దానిమీద వాటర్‌ప్రూఫ్ పూత వేశారంటే చెమ్మకు బయటికి దారి ఉండదు. పూత ఆగిన చోటిదాకా ఎగబాకి అక్కడ కొత్త చౌడు పూస్తుంది.

చౌడు గీతకు ఇంకో అడుగున్నర పైదాకా సిమెంటు తీయించండి. రాళ్ల సందుల్లో అడుసును అంగుళం లోతు గీకించండి. పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగారో, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కింద పట్టా పరిచి, రాలిన పొడిని ఎత్తి దూరంగా పారబోయాలి. ఆ తర్వాత 1 పాలు సున్నం, 3 పాళ్లు ఇసుకతో అర అంగుళం పూత వేయండి. ఇది నిలవడానికి వేసే పూత కాదు. ఉప్పును తనలోకి లాగి కొన్ని నెలల్లో పొడిపొడిగా రాలుతుంది, గీకేయాలి. చౌడు ఎక్కువుంటే ఇంకోసారి వేయాల్సి వస్తుంది. అసలు సున్నపు పూత ఆ తర్వాతే. ఇంత మందం గోడ ఆరడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి. ఈలోగా రంగులు, టైల్స్ జోలికి పోవద్దు.

మూత్రం ఇంకిన మట్టి తీసేయాల్సిందే, కానీ ముందు గోడ పక్కన రెండడుగుల చదరం గుంట తీసి పునాది ఎంత లోతుందో చూడండి. కొట్టాలకు అడుగున్నర కూడా ఉండకపోవచ్చు. పునాది అట్టడుగు కంటే కిందికి తవ్వితే మట్టి జారి గోడ కుంగుతుంది. గచ్చుకు వరస ఇది: డస్ట్ లేని 40 మి.మీ. కంకర 6 అంగుళాలు, ఇసుక 2 అంగుళాలు, 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, 4 అంగుళాల కాంక్రీటు. షీటు అతుకుల దగ్గర ఒకదానిమీద ఒకటి అడుగు మేర పడాలి. అయితే గచ్చు కింద ఆగిన చెమ్మ గోడలవైపు తిరుగుతుంది. అందుకే ఇంటి చుట్టూ నీరు పోయే కాలువ తప్పదు. బయటి నేల లోపలి గచ్చు కంటే కనీసం అరడుగు కిందుండాలి.

దూలం_వాసం:
అడ్డదూలం కోయకండి. పెంకుల బరువుకు వాసాలు గోడల తలలను బయటికి నెడతాయి, వాటిని పట్టి ఉంచేది అదొక్కటే. మట్టి అడుసు గోడకు ఆ నెట్టుడు తట్టుకునే బలం లేదు. కోసిన కొన్నాళ్లకు మూలల్లో పైనుంచి పగుళ్లు దిగుతాయి, కొప్పు వంగుతుంది. దూలాన్ని పైకి జరుపుదాం అని కూడా అంటారు. అప్పుడు వాసం నడుమ వంగుతుంది, ఇంజినీరు లెక్క కట్టకుండా చేయొద్దు.

మీకు కుదిరేది గోడ పెంచడం. చెద చూడటానికి పెంకులు ఎలాగూ దించాలి. గోడ తల మీద చుట్టూ 6 అంగుళాల కాంక్రీటు బెల్టు పోసి, ఆపైన రెండడుగులు కట్టి, అవే దూలాలు మళ్లీ ఎక్కించండి. పునాది ఆ బరువు మోస్తుందో లేదో ముందే చూపించుకోవాలి. గోడలో దూరిన దూలం చివరలే ముందు పుచ్చుతాయి. స్క్రూడ్రైవరుతో పొడవండి, బలం పెట్టకుండానే అర అంగుళం దిగితే ఆ ముక్క కోసి కొత్త చెక్క అతికి బోల్టులు వేయాలి. తిరిగి పెట్టేటప్పుడు దూలం చుట్టూ సిమెంటు కూరకుండా గాలాడే సందు వదలండి.

కొత్త_గడప:
ధన్యవాదాలండీ. పురుగుమందులు పెట్టిన గది ఒకటుంది, పైన పాత సిమెంటు రేకులు. పిల్లల పడకగది చేద్దామనుకున్నాం. పక్కన బావి కూడా ఉంది.

బావి_గట్టు:
పడకగదికి ఆ గది వద్దు. మందు ఒలికి ఇంకిన గచ్చును కడిగినా పోదు, పగలగొట్టి తీయాల్సిందే. పాత రేకులంటే ఆస్‌బెస్టాస్ (ధూళిగా పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే రాతినార) ఉందనే అనుకోండి. కోయొద్దు, డ్రిల్ పెట్టొద్దు, కింద పడేయొద్దు. ఆ పని తెలిసినవాళ్లతో తడిపి నిండు రేకులుగా దింపించి, పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టించాలి. గుడ్డ మాస్కు ఆ ధూళిని ఆపదు.

బావి నీళ్లను నైట్రేటు కోసం పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాములు. అంతకు మించి ఉన్న నీళ్లతో డబ్బా పాలు కలిపితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. కాచితే పోతుందనుకోకండి, నీరు ఆవిరై నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో తగ్గిస్తుంది, మామూలు క్యాండిల్ ఫిల్టరు తగ్గించదు.