నీరు పల్లమెరుగు: రాతిలో కూడానా?

నెల్లూరు సభ్యుడు: "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అంటాం కదా. మా చేలో బోరు వేస్తుంటే ఈ మాట అన్నాను. బోరాయన నవ్వి, "లోపల రాతిలో నీళ్లకి పల్లం గిల్లం ఉండదబ్బయా, సందు దొరికితే పైకైనా వస్తాయి" అన్నాడు. సామెత తప్పా? పనిలో పనిగా, ఈ "ఎరుగు" ఏ రూపం?

ఉదయగిరి మాస్టారు: ముందు వ్యాకరణం. "ఎరుగును"లో చివరి "ను" పోయి "ఎరుగు" అయింది. తద్ధర్మ రూపం, అంటే స్వభావం చెప్పేది. పల్లము + ఎరుగు ఉత్వసంధి. అంతే.

బోరాయన మాటలో నిజం ఉంది. నేల మీద నీటిని నడిపేది వాలు. కిలోమీటర్ల లోతున ఒత్తిడి. ఒత్తిడి తగ్గే దారి పైకే ఉంటే నీళ్లు పైకే పోతాయి. అందుకు మంచి దారి భ్రంశం, అంటే రాయి విరిగి పక్కకి జరిగిన చోటు. దాని నడిమి రాయి నలిగి పిండవుతుంది, నీళ్లు తగిలి చాలాచోట్ల బంకమన్నుగా మారుతుంది. దాన్ని దాటి అవతలికి పోవడం నీటికి కష్టం. అటూ ఇటూ ఉన్న పగుళ్లలో మాత్రం హాయిగా పారుతుంది. ఒకే భ్రంశం అడ్డంగా కట్ట, నిలువునా కాలువ!

పలుగురాయి చారలు చూసే ఉంటారు. వేడినీళ్లు కరిగించుకొచ్చిన సిలికా, అంటే పలుగురాయి అయ్యే పదార్థం, వేడీ ఒత్తిడీ తగ్గేసరికి పగులులోనే గడ్డకడుతుంది. కొన్ని చారల్లో అంచు వెంబడే సన్నటి పొరలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. పగలడం, పూడడం, మళ్లీ పగలడం అన్నమాట. ఒత్తిడి పెరిగితే తెరుచుకుని, తగ్గాక పూడిపోయే ఇలాంటి భ్రంశాన్ని సిబ్సన్ అనే శాస్త్రవేత్త కవాటం, అంటే వాల్వు, అన్నాడు. గూడూరు అభ్రకం గనుల్లోని పలుగుది వేరే కథ. శిలాద్రవం చివరికి గడ్డకట్టగా వచ్చింది అది.

ఒంగోలు సభ్యురాలు: అయితే భూకంపాలకీ నీళ్లకీ సంబంధం ఉందా సార్? 1967 మార్చి 27న మా ఊళ్లో వచ్చిందాని గురించి మా నాయన చెప్పేవాడు.

ఉదయగిరి మాస్టారు: ఉందమ్మా. పగుళ్లలో నీటి ఒత్తిడి పెరిగితే రెండు పక్కల రాళ్ల మధ్య పట్టు సడలుతుంది, జారడం సులువవుతుంది. హబ్బర్ట్, రూబీ 1959లోనే ఇది వివరించారు. తర్వాత 1960లలో అమెరికాలో డెన్వర్ దగ్గర లోతైన బావిలోకి వ్యర్థజలం పంపితే కంపాలు మొదలయ్యాయి. మహారాష్ట్రలో 1967 డిసెంబరు కొయినా భూకంపానికి జలాశయాన్నే కారణంగా చెబుతారు. ఏడాది ఒకటే కదా అని ఒంగోలు కంపాన్ని కూడా ఈ లెక్కలో వేసేయకండి.

కనిగిరి సభ్యుడు: సందు వెతుక్కుంటే పర్లేదన్నా, మా దగ్గర నీళ్లు రాతిని నాకి మరీ వస్తాయి. గ్రానైట్‌లోని ఫ్లోరైడ్ కరిగి బోరులోకి దిగుతోంది. పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది. మా సామెత "నీరు రాయెరుగు" అని రాసుకోండి.

నెల్లూరు సభ్యుడు: రాయెరుగు! సంధి చెల్లుతుందా మాస్టారూ?

ఉదయగిరి మాస్టారు: రాయి + ఎరుగు, ఇత్వసంధి. ఇష్టముంటే చెయ్యొచ్చు, లేకపోతే "రాయి యెరుగు" అనొచ్చు. రెండూ చెల్లుతాయి. కనిగిరి తమ్ముడూ, బోరు నీళ్లు మాత్రం పరీక్ష చేయించి తాగండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.