డబ్లిన్‌లో డిపాజిట్ తిరిగి ఇవ్వట్లేదు, ఏ కోర్టుకు వెళ్లాలి?

ప్రశ్న: నమస్కారమండి. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఓనర్ కుటుంబం ఉంటున్న ఇంట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నా. ఖాళీ చేశాక, గోడ మీద మరకలు పడ్డాయంటూ 700 యూరోల డిపాజిట్ ఇవ్వనంటున్నారు. పోలీసులను అడిగితే అది సివిల్ గొడవ, మేం కలగజేసుకోం అన్నారు. సివిల్ కేసంటే మన దగ్గర ఏళ్లు పడుతుంది కదా, టెన్షన్‌గా ఉంది. లాయర్‌ను పెట్టుకోవాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ. నీ కేసులో తేల్చుకోవాల్సింది ఒకటే, ఓనర్ అదే ఇంట్లో ఉంటున్నాడా లేదా అని. విడిగా ఫ్లాట్ తీసుకుని ఉంటే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డుకు వెళ్లేవాడివి. అద్దె తగాదాలు ఇక్కడ మామూలుగా కోర్టుకు కాదు, ఆ బోర్డుకే వెళ్తాయి. నీలా ఓనర్‌తో కలిసి ఉంటే మాత్రం చట్టం దృష్టిలో నువ్వు టెనెంట్‌వి కావు, లైసెన్సీవి, అంటే ఓనర్ అనుమతితో ఉంటున్నవాడివి. బోర్డు నీ కేసు తీసుకోదు.

నీకున్న దారి స్మాల్ క్లెయిమ్స్ అనే పద్ధతి. 2,000 యూరోల లోపు గొడవలకు పనికొస్తుంది, ఫీజు 25 యూరోలు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. డిస్ట్రిక్ట్ కోర్టు ఆఫీసులోని రిజిస్ట్రార్ ఓనర్‌కు నోటీసు పంపుతారు. 15 రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే నీ క్లెయిమ్ ఒప్పుకున్నట్టే లెక్క. కాదని వాదిస్తే ముందు రాజీకి చూస్తారు, కుదరకపోతేనే జడ్జి ముందుకు వెళ్తుంది. అక్కడ నీ మాట నువ్వే చెప్పుకోవచ్చు. అన్నిటికంటే ముందు ఓనర్‌కు గడువు పెట్టి ఒక ఈమెయిల్ కొట్టు. ఫోన్లో అరుచుకుంటే రుజువు మిగలదు.

ప్రశ్న: థాంక్స్ అన్నా. డిస్ట్రిక్ట్ కోర్టంటే మన జిల్లా కోర్టులాంటిదేనా?

జవాబు: పేరు చూసి మోసపోకు, ఇక్కడ అది అన్నిటికంటే కింది మెట్టు. సివిల్‌లో 15,000 యూరోల దాకా అది చూస్తుంది, 75,000 దాకా సర్క్యూట్ కోర్టు, ఆపైన హైకోర్టు. మనలా రాష్ట్రానికొకటి కాదు, దేశం మొత్తానికీ ఒకే హైకోర్టు. దానికీ సుప్రీంకోర్టుకూ మధ్య 2014లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ వచ్చింది. లాయర్లు కూడా రెండు రకాలు. మనం మాట్లాడుకునేది సొలిసిటర్‌తో, పెద్ద కోర్టుల్లో వాదనకు ఆయన బారిస్టర్‌ను పెడతారు. అంటే ఇద్దరి ఫీజు!

మరో సభ్యురాలు: చిన్న పిడకల వేట. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు 1937 నాటి ఐర్లాండ్ రాజ్యాంగం నుంచి తెచ్చుకున్నవే. అక్కడైనా ఇక్కడైనా వాటిని పట్టుకుని కోర్టుకెక్కలేం. తేడా సవరణల్లో ఉంది. ఇక్కడ పార్లమెంటు ఒక్కటే ఒక్క అక్షరం కూడా మార్చలేదు, జనం ఓటెయ్యాలి. 2018లో గర్భస్రావంపై నిషేధం పోయింది రెఫరెండంతోనే.

బెల్ఫాస్ట్ నుంచి: ఇదంతా రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్‌కే అండి. మా నార్తర్న్ ఐర్లాండ్ యూకే కిందిది, మా కోర్టులు వేరు. ఇవే రూల్స్ అనుకుని ఇక్కడ ఎవరూ అప్లై చేయకండి.

ప్రశ్న: ఓనర్ పూర్తి పేరు తెలియదు, వాట్సాప్‌లో ముద్దుపేరే ఉంది. ఎలా?

జవాబు: డిపాజిట్ బ్యాంకు ద్వారా పంపి ఉంటే, స్టేట్‌మెంట్‌లో పేరు ఉంటుంది చూడు. అడ్రసు నువ్వు ఉన్న ఇల్లే. గది ఫోటోలు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ఈ రాత్రికే సేవ్ చేసుకో.