పాత సాలిడ్ ఇంక్ ప్రింటర్‌కి కంపాటిబుల్ స్టిక్స్ వేసుకుని నడపొచ్చా, అసలు ఆ మెషీనే వద్దా?

రాయగడ_జిరాక్స్:
అందరికీ నమస్కారం. రాయగడలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. ఒడియా, తెలుగు శుభలేఖలు, స్కూలు సర్టిఫికెట్లు, ఆధార్ ప్రింట్ తీసి లామినేషన్ చేయడం, ఇవీ మా పనులు. విశాఖలో ఒక ఆఫీసువాళ్లు జిరాక్స్ కంపెనీ కలర్‌క్యూబ్ 8570 అనే సాలిడ్ ఇంక్ ప్రింటర్‌ని (మైనం కడ్డీలే, అంటే స్టిక్సే, దీనికి ఇంకు) చాలా తక్కువకి ఇచ్చేస్తామంటున్నారు. మామూలు కాగితం మీద కూడా రంగులు అంత నిండుగా రావడం నేనెక్కడా చూడలేదు. ఒరిజినల్ స్టిక్స్ ధర వినేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఆన్‌లైన్‌లో కంపాటిబుల్ స్టిక్స్, అంటే వేరే కంపెనీలు చేసినవి, అందులో సగానికే కనిపిస్తున్నాయి. వాడినవాళ్లు చెప్పండి.

జయపురం_డీటీపీ:
వద్దన్నా. అందరూ స్టిక్ ధరే చూస్తారు, కరెంటు సంగతి ఎవరూ ఆలోచించరు. ఇందులో ఇంకు అంటే మైనం. అది కరిగి హెడ్‌లోకి వెళ్తుంది, హెడ్ దాన్ని నూనె పూసిన డ్రమ్ మీద చల్లుతుంది, అక్కడి నుంచి కాగితానికి అంటుతుంది. అంటే హెడ్ ఎప్పుడూ వేడిగానే ఉండాలి. కరెంటు పోయి చల్లారితే లోపల మైనం గడ్డకడుతుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు అది వేడెక్కి, హెడ్ శుభ్రం చేసుకోవడానికి కొంత ఇంకుని వేస్ట్ ట్రేలోకి కక్కేస్తుంది. గాలివాన వచ్చిన రోజున మన జిల్లాల్లో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు తెలుసు. ఒక్క పేజీ తీయకుండానే ఇంకు తగ్గిపోతుంది. చవక స్టిక్ వేసినా పోయేది ఆ ఇంకే కదా. కంప్యూటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్ దీనికి చాలదు, వేడెక్కేటప్పుడు ఈ మెషీన్ లాగే కరెంటు చాలా ఎక్కువ.

పర్లాకిమిడి_మాస్టారు:
తమ్ముడూ, అంత తీసిపారేయకు. మా స్కూల్లో పాత ఫేజర్ (ఇదీ మైనం ఇంకు ప్రింటరే) ఏళ్ల తరబడి నడిచింది. ముతక కాగితంలోకి కూడా ఇంకు పీల్చుకుపోదు కాబట్టి పిల్లల చార్టులు, మ్యాపులు చక్కగా వచ్చేవి. ఇంక్‌జెట్‌లాగా సెలవుల్లో ఎండిపోయే బాధ లేదు, స్టిక్స్ బీరువాలో ఎన్నాళ్లున్నా పాడవవు. ఈ టెక్నాలజీ మొదట్లో టెక్‌ట్రోనిక్స్ వాళ్లది, ఆ ప్రింటర్ల విభాగాన్ని జిరాక్స్ 2000లో కొనుక్కుంది. మీడియా సైన్సెస్ లాంటి కంపెనీలు బాహాటంగా కంపాటిబుల్ స్టిక్స్ తయారుచేసి అమ్మేవి. కాబట్టి కంపాటిబుల్ అనగానే నకిలీ అనేయడం న్యాయం కాదు.

గుణుపురం_సర్వీస్:
మాస్టారూ, ఆ మాట నిజమే, అయితే పేరున్న కంపాటిబుల్ వేరు, డబ్బా మీద పేరే లేనిది వేరు. టోనర్ నచ్చకపోతే కాట్రిడ్జ్ తీసేసి వేరేది పెడతాం. ఇక్కడ ఆ వీలు లేదు, కరిగిన మైనం హెడ్‌లో పాతదానితో కలిసిపోతుంది, నాసిరకమైతే సన్నని రంధ్రాలు మూసుకుపోయి ప్రింటులో తెల్లగీతలు పడతాయి. హెడ్ మార్చాలంటే మీరు మెషీన్‌కి పెట్టిన డబ్బు కూడా చాలదు.

ఇంకోటి. ఒక్కో మోడల్‌కి, ఒక్కో రంగుకి స్టిక్ ఆకారం వేరు. కలర్‌క్యూబ్‌లోనే ఇంకో మోడల్ 8870కి దొరికే చవక స్టిక్ 8570లో దిగదు. కొందరు చాకుతో చెక్కి దూరుస్తారు, ఆ తునకలు లోపల ఇరుక్కుంటే నా దగ్గరికే తెస్తారు. వేస్ట్ ట్రేలో పడ్డ మైనం మళ్లీ వేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, అందులో అన్ని రంగులూ కలిసిపోయి ఉంటాయి.

జయపురం_డీటీపీ:
ఇంకు దొరికిందే అనుకుందాం, మెయింటెనెన్స్ కిట్ మాటేమిటి? డ్రమ్‌కి నూనె పూసేది అదే. అది అయిపోతే మెషీన్ ఆగిపోతుంది. కలర్‌క్యూబ్ అమ్మకాలు కంపెనీ ఎప్పుడో ఆపేసింది, ఇప్పుడు దొరికేదంతా మిగిలిపోయిన స్టాకే.

రాయగడ_జిరాక్స్:
మాస్టారూ, సర్వీస్ గారూ, మరి మా లామినేషన్ పని, శుభలేఖల పని దీని మీద నడుస్తాయా?

గుణుపురం_సర్వీస్:
లామినేషన్‌కి అస్సలు పనికిరాదు. వేడికి మైనం కరిగి ఆధార్ మీద అక్షరాలు అలుక్కుపోతాయి. శుభలేఖ మడత దగ్గర ఇంకు పెచ్చులూడుతుంది, గోటితో గీకినా వస్తుంది. ఇందులో తీసిన కాగితాన్ని మళ్లీ లేజర్ ప్రింటర్‌లో పెట్టినా ప్రమాదమే, మైనం లోపల అంటుకుంటుంది. మడతలేని కరపత్రాలు, చార్టులు రోజూ దండిగా ఉండి, పెద్ద ఇన్వర్టర్ ఉంటేనే దీని గురించి ఆలోచించాలి. మీ పనికి మామూలు కలర్ లేజర్ తీసుకోండి.

పర్లాకిమిడి_మాస్టారు:
ఆ పనులకైతే నేనూ అదే చెప్తాను. స్కూలుకి మాత్రం ఇప్పటికీ ఇదే మేలంటాను.

రాయగడ_జిరాక్స్:
అయితే మా షాపుకి వద్దు. మా బావమరిది ఒక ప్రైవేటు స్కూలు నడుపుతున్నాడు, ఇన్వర్టర్ ఉంది, అతనికి చెప్తాను. విశాఖ వెళ్తే ఏం చూసుకోవాలి?

గుణుపురం_సర్వీస్:
ముందు నాజిల్స్ (హెడ్‌లోని సన్నని రంధ్రాలు) టెస్ట్ పేజీ తీయించండి, నాలుగు రంగుల్లో ఏ గీతా తెగకూడదు. మెయింటెనెన్స్ కిట్ ఎంత మిగిలిందో మెనూలో చూడండి, మిగిలిన స్టిక్స్ కూడా బేరంలో కలిపి అడగండి. ఆపేశాక పూర్తిగా చల్లారేదాకా బండి ఎక్కించొద్దు, వేడిగా ఉండగా వంచితే కరిగిన మైనం లోపలంతా ఒలికిపోతుంది.