పేగు జబ్బు ఉన్నవాళ్లు బృందగానంలో చేరవచ్చా?

ప్రశ్న:
నాకు అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) వచ్చి ఆరేళ్లయింది. మందులతో ఇప్పుడు కాస్త అదుపులోనే ఉంది. అయినా రోజుకు నాలుగైదుసార్లు ఉన్నపళంగా లేచి పరుగెత్తక తప్పదు. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లందరూ వారానికోసారి కలిసి పాడుకునే బృందం ఒకటి మొదలవుతోంది, రమ్మన్నారు. కరపత్రంలో ‘పాటే మందు’ అని రాశారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. పాడితే పేగుకు నిజంగా మేలు జరుగుతుందా? అది అలా ఉంచితే, గంటన్నర నలుగురి మధ్య కూర్చోగలనా? పాట ఆగినప్పుడు నా కడుపు గుర్రుమంటే?

జవాబు:
నాది క్రోన్స్, అదీ పేగులో వాపు తెచ్చే దీర్ఘకాలిక జబ్బే. మూడేళ్లుగా ఇలాంటి బృందంలోనే పాడుతున్నాను. ముందు ఆ కరపత్రం సంగతి చెబుతాను. పాట మందు కాదండీ. పేగులో వాపును, పుండును అది మాన్పదు. పాడుతున్నాం కదా అని డాక్టరు రాసిన ఒక్క మాత్ర కూడా మానకండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గినా వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికే.

మరి ఎందుకు పాడుతున్నానంటారా? వేగస్ నాడి మెదడు అడుగున బయలుదేరి గొంతు, గుండె మీదుగా పొట్ట దాకా దిగుతుంది. స్వరపేటికను కదిలించేవి దాని కొమ్మలే. దాని పోగుల్లో సుమారు 80 శాతం లోపలి అవయవాల కబురును మెదడుకు మోసేవి. అందుకే కడుపు బాగాలేని రోజున మనసూ బాగుండదు. ఈ మాత్రం తెలుసుకుని ‘గొంతు కదిలితే పేగు నయమవుతుంది’ అని చెప్పేవాళ్లున్నారు. అది అతిశయోక్తి. పాటలో చరణం పొడవునా ఊపిరిని మెల్లగా వదలాలి. అలా వదిలినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు తేలికపడుతుంది. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు కలిసి పాడేవారి గుండె లయలను కొలిచారు. ఊపిరి ఒకే తీరున నడవడంతో అవి కలిసి పెరిగి, కలిసి తగ్గాయి. నాకు దక్కింది ఆ నెమ్మదే. పేగు సంగతి పేగుదే.

ఇక లేచి వెళ్లడం. వరుస చివర, తలుపు పక్క కుర్చీ అడిగి పుచ్చుకోండి. మొదటి రోజే నడిపించేవారితో ‘మధ్యలో వెళ్లాల్సి రావచ్చు’ అని ఒక్క ముక్క చెప్పండి. జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. బృందగానంలో ఒక వెసులుబాటు ఉంది. పొడవైన స్వరాన్ని అందరూ ఒక్కసారే ఊపిరి తీసుకుని పాడరు, ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటారు. ఎవరు ఎక్కడ ఆగినా స్వరం తెగదు. మీరు లేచి వెళ్లి వచ్చేసరికి పాట అలాగే నడుస్తూ ఉంటుంది.

కడుపు గుర్రుమనడం అంటారా, మా బృందంలో అది మామూలే. ఎవరిదో తెలియక ఒకరినొకరు చూసి నవ్వుకుంటాం.

మరో జవాబు:
నేను గాత్రం నేర్పుతాను. పై మాటలకు రెండు చేరుస్తాను. కడుపు నిండా తిని పాడకండి, తిన్నాక కనీసం రెండు గంటలు ఆగండి. పాడేటప్పుడు పొట్ట కండరాలు బిగుస్తాయి, ఆమ్లం పైకి ఎగదన్నే స్వభావం ఉన్నవారికి మంట పెరుగుతుంది. రెండోది గాలి. ఆదరాబాదరాగా నోటితో గాలి పీలిస్తే కొంత మింగేస్తారు, తర్వాత ఉబ్బరం. బొడ్డు మీద అరచెయ్యి పెట్టుకుని ముక్కుతో మెల్లగా తీసుకోండి. చెయ్యి ముందుకు రావాలి, భుజాలు లేవకూడదు. బలవంతంగా గట్టిగా పాడించే చోటైతే మొహమాటపడకండి, మీ వంతు సన్నగా పాడుకోండి.

మధ్యలో మరొకరి సందేహం:
నాకు పొట్ట మీద స్టోమా (శస్త్రచికిత్సతో పెట్టిన రంధ్రం, మలం దానిగుండా సంచీలోకి వస్తుంది) ఉంది. నేనూ పాడవచ్చా?

జవాబు:
చాలామంది పాడుతున్నారండీ. అయితే శస్త్రచికిత్స ఈమధ్యే జరిగి ఉంటే, లేదా స్టోమా పక్కన ఉబ్బు కనిపిస్తుంటే, అక్కడ హెర్నియా వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి మీ సర్జనునో స్టోమా నర్సునో అడిగాకే మొదలుపెట్టండి. సంచీ ఖాళీ చేసుకుని వెళ్లండి. కూర్చునే పాడండి.

అడిగినవారు, మూడు వారాల తర్వాత:
వెళ్లాను. మొదటి వారం రెండుసార్లు లేచాను. రెండోసారి తిరిగి వచ్చేటప్పుడు పక్కనున్నావిడ తల తిప్పకుండానే నా కాగితం మీద వేలు పెట్టి, పాట ఏ పంక్తిలో ఉందో చూపించారు. పేగులో మార్పేమీ లేదు, మందులు యథాతథం. నిన్న ఒక్కసారే లేచాను, అదీ విరామంలో. గొంతు మాత్రం ఇంకా పలకడం లేదు, పై స్థాయికి వెళ్లేసరికి ఊరికే నోరు కదుపుతున్నాను. దానికేమైనా ఉపాయం ఉందా?