డబ్లిన్ పైరేట్ రేడియో క్యాసెట్‌లో స్పీడు మెల్లగా మారుతోంది, సరిచేయడం ఎలా?

1988లో డబ్లిన్‌లో మీడియం వేవ్ మీద రికార్డ్ చేసిన సీ-90 క్యాసెట్‌ని డిజిటైజ్ చేస్తున్నాను (48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో). ఆ ఏడాది చివర కొత్త చట్టంతో పైరేట్ (లైసెన్సు లేని) స్టేషన్లు చాలావరకు మూతపడ్డాయి. శ్రోతలు పట్టుకున్న ఇలాంటి టేపులే వాటిలో చాలావాటికి మిగిలిన ఆధారం, అందుకే జింగిల్స్ అసలు శ్రుతిలోనే రావాలి.

సైడ్ మొదట్లో గొంతులు మామూలుగానే ఉన్నాయి, పోనుపోను సన్నబడుతున్నాయి. ఐర్లండ్ కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌మిటర్ హమ్ (కరెంటు వల్ల వచ్చే సన్నని మోత) దానికి రెట్టింపు, అంటే 100 దగ్గర ఉండాలి. స్పెక్ట్రోగ్రామ్‌లో (ధ్వనిలోని ఫ్రీక్వెన్సీలను గీతలుగా చూపే బొమ్మ) ఆ హమ్ మొదట 100.2, 30వ నిమిషంలో 100.9, చివర 102.8. నా డెక్ హమ్ కాదు, అది 100 దగ్గర కదలకుండా వేరే గీతగా కనిపిస్తోంది. అప్పటి రికార్డర్ బ్యాటరీలు దిగిపోతూ మోటారు నెమ్మదించి ఉంటుంది, అందుకే ఇప్పుడు మామూలు స్పీడులో పెడితే శ్రుతి పెరుగుతోంది.

పించ్ రోలర్ తుడిచాను, అజిమత్ (టేపు మీద హెడ్ వాలు) సరిచూశాను, టేపుని కొత్త షెల్‌లోకి మార్చాను, వేరే డెక్‌లోనూ పెట్టాను. అంకెలు అవే. ఆడాసిటీలో (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) మొత్తానికి 2.7 శాతం తగ్గిస్తే మొదలు బొంగురుపోతోంది. అందులోని స్లైడింగ్ స్ట్రెచ్ ఎఫెక్ట్ స్పీడుని సరళరేఖలోనే మారుస్తుంది, ఈ తేడా వంపు తిరిగింది. ముక్కలు చేసి సరిచేస్తే పాటల మధ్యలో అతుకు వినిపిస్తోంది.

ఆ 100 హెర్ట్జ్ గీతనే ఆధారంగా పట్టుకుని స్పీడుని ఆగకుండా సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏది?