చిన్నాన్న కొడుకుని ఇంగ్లీషులో ఏమనాలి?

ప్రశ్న (ఆమదాలవలస): మా పాప వ్యాసంలో చిన్నాన్న కొడుకుని ‘మై కజిన్ బ్రదర్’ అని రాసింది. టీచర్ ‘బ్రదర్’ కొట్టేశారు. “వాడు నాకు తమ్ముడే కదమ్మా” అని ఒకటే ఏడుపు. నాకూ మనసొప్పలేదు. ఏది సరైనది?

జవాబు (రాజాం): టీచర్ దిద్దింది సరైనదేనమ్మా. ‘కజిన్’ చాలు. అబ్బాయో అమ్మాయో తర్వాత వచ్చే ‘హి’, ‘షి’ చెబుతాయి. ‘కజిన్ బ్రదర్’ మన దేశపు వాడుక. బ్రిటన్, అమెరికాల్లో మామూలుగా అలా అనరు. మనకి పిన్ని కూతురు చెల్లి, మేనమామ కూతురు మరదలు. ఇంగ్లీషులో ఇద్దరూ కజిన్లే. నాకూ అదే బాధ.

జవాబు (బొబ్బిలి): ‘మై ఫాదర్స్ యంగర్ బ్రదర్స్ సన్’ అని రాయించండి, చుట్టరికం తెలుస్తుంది.

ఆమదాలవలస: రాయించానండీ. కింద ‘వి లివ్ ఇన్ వన్ హౌస్’ అని పాపే కలిపింది.